రాయప్ప తదనంతరం

1975 మార్చి 17, సోమవారం

రాయప్ప చేత వీలునామా రాయించాను. భూసీలింగు భయంతో వెంకటప్పయ్యగారు అయిదేళ్ల కిందట పదెకరాల మామిడితోట తన పాలేరు రాయప్పకి అమ్మినట్టు రాయించారు. ఇప్పుడు తిరిగి అమ్మించుకుంటే అప్పటి అమ్మకం ఉత్తదేనని తేలిపోతుంది. అందుకని నేనే దారి చూపాను. రాయప్ప తదనంతరం తోట వెంకటప్పయ్యగారి మనవడికి. రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర పడింది. మీ ప్లీడరు బుర్రకి దండం పెట్టాలి పంతులుగారూ అన్నారు వెంకటప్పయ్యగారు.

ఇంటికొచ్చి శారదకి చెప్పబోయాను. భార్య పోయి ఏడాది కావస్తున్నా అలవాటు పోలేదు.

మార్చి 29

వెంకటప్పయ్యగారు వచ్చారు. వాడు నాకంటే ఇరవయ్యేళ్లు చిన్న, దుక్కలా ఉంటాడు, తదనంతరం అంటే ఎప్పటి మాటండీ అని అడిగారు. నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన వెళ్లాక వీలునామా నకలు తీసి మళ్లీ చదివాను. ఎన్నో కుటుంబాలకు వీలునామాలు రాశాను. పాలేరు చస్తే దొర ఇంటికి పదెకరాలు వచ్చేటట్టు రాయడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 4

రాయప్ప చేతికి కట్టుతో వచ్చాడు. తోటలో పాతబావి పూడిక తీయమని దొర దింపించారట. పట్టుకు దిగిన మోకు తెగిందట. కొత్త మోకేనండయ్యా, తెగిందంటే పెళ్లికూడు ముందే ఒంటబట్టిందన్నమాట అని నవ్వాడు. పెళ్లేమిటన్నాను. పదహారో తారీకున చర్చిలో, పుల్లమ్మతో. ఫాదరుగారు ఖాయం చేశారట. నలభై దాటాక నాకూ గంజి కాసే మనిషండీ అన్నాడు.

వాడు వెళ్లాక లా పుస్తకం తీశాను. క్రైస్తవుడు పెళ్లి చేసుకుంటే, అంతకుముందు రాసిన వీలునామా తనంతట తానే రద్దయిపోతుంది. హిందువులకి ఆ నియమం లేదు. ఇన్నాళ్లూ హిందూ కుటుంబాలకే రాసినవాణ్ణి. తట్టనేలేదు.

పెళ్లయితే వాడు బతుకుతాడు. అంతవరకూ ఈ నియమం వెంకటప్పయ్యగారికి తెలియకూడదు. తెలిస్తే పెళ్లి లోపే పని కానిస్తారు.

ఏప్రిల్ 5

అన్నం సయించలేదు.

ఏప్రిల్ 10

వెంకటప్పయ్యగారు మళ్లీ వచ్చారు. పెళ్లాం వచ్చి పేచీ పెడితే మన కాయితం నిలబడుద్దా అని అడిగారు. నిలబడుతుందన్నాను. క్లయింటుకి అబద్ధం చెప్పడం ఇదే మొదలు. గొంతు వణికింది. జలుబా పంతులుగారూ అన్నారు. అవునన్నాను.

రాయప్పని పెళ్లిదాకా విస్సన్నపేటలో వాళ్లక్క దగ్గర ఉండమన్నాను. దొర పిలిత్తే ఎట్టా మానేదండీ అన్నాడు. మోకు ఎందుకు తెగిందనుకుంటున్నావని అడిగాను. నవ్వు ఆగిపోయింది. నేనే బస్సెక్కించాను.

ఏప్రిల్ 16

పెళ్లయింది. చర్చి ముందు పందిట్లో, ఫాదరుగారు, నలుగురూ వింటుండగా గట్టిగా చెప్పాను. ఇవాళ్టితో పాత వీలునామా చెల్లదు, రాయప్ప తరవాత తోట పుల్లమ్మకీ వాడి రక్తసంబంధీకులకే, వాడికేమైనా అయితే బయటివాళ్లెవరికీ సెంటు భూమి రాదు అని. పుల్లమ్మ బిత్తరపోయింది. పాలేరు కాస్తా కామందయ్యాడ్రోయ్ అని వెనక నుంచి ఎవరో అరిచారు.

వెంకటప్పయ్యగారు కుర్చీలో కూర్చుని సోడా తాగుతున్నారు. ఇది మీకెప్పట్నుంచి తెలుసండీ అన్నారు. నాలుగో తారీకు నుంచి అన్నాను. సోడా మొత్తం తాగారు. ఇంట్లో మీరొక్కరేగా ఉండేది అని అడిగారు.

ఏప్రిల్ 17

జీపు పంపారు. తోటలో కూర్చుని మాట్లాడుకుందాం రమ్మన్నారట. పనుందన్నాను. పర్లేదండి, ఉంటాను అన్నాడు డ్రైవరు. ఇంకా వీధిలోనే ఉన్నాడు.

శారద లేకపోవడమే మంచిదయిందనిపించింది. వెంటనే చెంపలేసుకున్నాను.