బావిలో దిగే రబ్బరు సూటు

అన్నా,

జనగామ రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. తెలంగాణ కావాలని నడిరోడ్డులోనే పొయ్యిలు పెట్టి బువ్వ వండుతున్నారు. నా బస్సు ఆగి చాలాసేపయింది. నువ్వుంటే ఈపాటికి గరిటె అందుకునేవాడివి. నేను మాత్రం బస్సు దిగుతున్నాను, ఎక్కుతున్నాను. కాలు ఒక్కచోట నిలవడం లేదు.

నా సంచిలో సికింద్రాబాద్‌లో కొన్న రబ్బరు సూటు ఉంది. నిరుడు చలికాలం నువ్వు వణుక్కుంటూ పైకొచ్చి, మళ్లీ మంచం దిగలేదే, ఆ నర్మెట్ట బావిలోనే మోటరు పడింది. నారు ఎండుతోందని రైతు ఒకటే ఫోన్లు. దాన్ని పైకి తీయడానికి రేపు పొద్దున నేను దిగాలి.

కొట్లో ముందు వదులుగా ఉన్నది తీశాను.

"గది వద్దు తమ్మీ. వదులుగుంటే సల్లనీళ్లు లోపలికి వచ్చుకుంట పోవుకుంట ఉంటయి. ఒంటికి అతుక్కోవాలె. గప్పుడే లోపలున్న నీళ్లు ఎచ్చగయితయి," అన్నాడు కొట్టాయన. చలినీళ్లకు మూడు మిల్లీమీటర్ల మందం చాలదని ఐదుది ఇచ్చాడు. తొడిగితే ఊపిరాడలేదు. అదే తీసుకున్నాను.

"నూనె రాసుకొని తొడుక్కోవచ్చునా?" అని అడిగాను.

"అస్సలు రాయొద్దు. రబ్బరు ఖరాబయితది."

ఒకరి వీపుకు ఒకరం పల్లినూనె రాయకుండా మనం ఏ బావిలోనైనా దిగామా? నువ్వు పోయాక నేను దిగడమే మానేశాను.

దీని జిప్పు కూడా వీపు మీదే ఉంది. దానికో పొడవాటి తాడు కట్టారు. ఒక్కడే లాక్కోవచ్చట.