నీలం రంగు కింద మొదటి గిటారు

షిల్లాంగ్ నుంచి

దొరికింది తమ్ముడా! మన మొదటి గిటారు దొరికింది! నలభై ఏళ్లు దాటినా పురుగు పట్టలేదు, మెడ వంగలేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్న మంచం మీదే, నా పక్కనే ఉంది.

ఈ మాట ముందు చెప్పకపోతే చేయి కదలదని రాసేశాను. ఇప్పుడు పద్ధతిగా మొదలుపెడతాను. మిర్యాలగూడలోని తమ్ముడు నర్సింహకు, మరదలు లక్ష్మమ్మకు మీ అన్న సోమయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ బిడ్డ స్వరూపా బాగున్నాం. లక్ష్మమ్మ మోకాళ్లు కాస్త కుదురుకున్నాయని, మీ కొడుకు శ్రీకాంత్ దుకాణం మంచిగా నడుస్తోందని అనుకుంటున్నాను. ఫోనులో చెబితే సరిపోయేది కదా అంటావు. ఫోనులో నువ్వు "ఆ అన్నా, సరే అన్నా, ఉంట అన్నా" అని మూడు మాటల్లో పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు. అక్షరాలు తప్పు పోతే ఏమనుకోకు, నా చదువు ఏడో తరగతి దాకేనని నీకు తెలుసు.

నేను ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. మీ వదిన పోయాక సూర్యాపేట ఇంట్లో ఒక్కణ్ని ఉండొద్దని స్వరూప తను ఉద్యోగం చేసే ఈ ఊరికి తీసుకొచ్చింది కదా. పొద్దున బడికి పోయి పిల్లలకు సైన్సు చెప్పి, చీకటి పడే వేళకు వస్తుంది. ఇక్కడ చీకటి కూడా తొందరగా పడుతుంది. ఇక వాన సంగతి చెప్పక్కర్లేదు. తిరుమలగిరిలో బోర్లు వేసి వేసి అలసిపోయిన మన వాళ్లను తీసుకొచ్చి ఇక్కడి వరండాలో కూర్చోబెట్టాలనిపిస్తుంది. దారులన్నీ ఎక్కుడో దిగుడో తప్ప సమంగా ఒక్క గజం ఉండదు. కూరల్లో కారం ఉండదు. ఇంటి ఓనరమ్మ మంచి మనిషి. వచ్చిన మొదటి రోజే తమలపాకులో పచ్చి వక్క పెట్టి ఇచ్చింది. నోట్లో వేసుకున్న రెండు నిమిషాలకు చెవులు వేడెక్కి, ఆ చలిలో నాకు చెమటలు పట్టాయి. ఆమె నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. నా ఉర్దూ, ఆమె హిందీ కలిపితే ఒక మాట అవుతుంది. అయినా రోజూ మాట్లాడుకుంటాం.

బాగానే ఉన్నాను, మీరు పరేషాన్ కావొద్దు. తిండికి లోటు లేదు, మందులు టైముకు వేసుకుంటున్నాను, బిడ్డ బాగా చూసుకుంటుంది. కాకపోతే షుగర్ వల్ల వేళ్ల చివర్లు మొద్దుబారాయి. కాయిల్ చుట్టేటప్పుడు వెంట్రుకంత సన్న తీగెను వేలి మీదుగా పోనిచ్చి, బిగువు ఎంతో చెప్పినవాణ్ని, ఇప్పుడు టీ గ్లాసు వేడి కూడా తెలియదు. లోపల కూడా అట్లాగే ఉంది. మీ వదిన పోయిననాడు నేను ఏడవలేదు, నువ్వు చూశావు. ఆ ఏడుపు ఇంకా రాలేదు. బాగానే ఉన్నాను.

గిటారు సంగతికి వస్తాను. ఈ ఊళ్లో ఇంటికొక గిటారు ఉంటుంది తమ్ముడా. స్వరూప మన సూర్యాపేట ఇంట్లో గోడకు వేలాడే, మనం చేసిన చివరి కరెంటు గిటారును ఇక్కడికి తెచ్చుకుందా, దాన్ని చూసినవాళ్లంతా ఒకటే అడగడమట. ఇంత సౌండు పెట్టినా బాక్సులో కీచుమని కూత పెట్టదేం, ఇంత తేలిగ్గా ఉందేం, ఎవరు చేశారు అని. అప్పటి నుంచి బిడ్డకు పిచ్చి పట్టింది. సెలవులిస్తే చాలు, మన వైపు వచ్చి పాత ఆర్కెస్ట్రాల వాళ్ల ఇళ్లు వెతికేది. మనం చేసినవి మొత్తం తొమ్మిదే కదా. ఒకటి నిడమనూరులో భజన చేసేవాళ్ల దగ్గర దొరికింది. ఒకటి సూర్యాపేటలోనే ఒకరి బీరువా మీద. ఒక ఊళ్లో ఒకావిడ స్వరూపను పాత సామాను కొనే మనిషనుకొని, పగిలిన బకెట్లు, ఫ్యాను రెక్కలు తెచ్చి ముందర పెట్టిందట. ఇప్పుడీ మొదటిదానితో ఏడు అయ్యాయి.

ఎంత పిచ్చో, అంత పట్టుదల. దేనికీ ఒక్క స్క్రూ మార్చదు. తుప్పు ఉంటే తుప్పుతోనే, గీత ఉంటే గీతతోనే పెడుతుంది. "ఎట్ల దొరికితే అట్లనే ఉండాలె నాయినా, దాని మీద జరిగిందంత దానిదే" అంటుంది. ఆ మాటను నేను సరిగ్గా చెవిన వేసుకోలేదు.

మొదటిది కోదాడ ఆర్కెస్ట్రా మధుసూదనరావు గారు కొన్నారు, గుర్తుందా? ఇప్పుడు అనంతగిరిలో కూతురి దగ్గర ఉంటున్నారు. స్వరూప ఆయన నంబరు సంపాదించి ఫోను నాకిచ్చింది. "సోమయ్యగారా అండీ! మీ గిటారు నా దగ్గరే ఉందండీ. మా ఆవిడ పాత చీరలో చుట్టి అటక మీద పెట్టానండీ. ఎవరెన్నిసార్లు అడిగినా ఇవ్వలేదండీ. మీ చేత్తో చేసింది, మీ అమ్మాయికి ఇస్తే నాకు తృప్తండీ" అన్నారు. నేను "సంతోషం సార్, చాలా సంతోషం సార్" అన్నాను. ఆయన మూడు సార్లు మీ చేత్తో అన్నారు, మూడు సార్లూ నేను సంతోషం అన్నాను.

పార్శిల్ రైల్లో గౌహతి దాకా, అక్కడి నుంచి సుమోలో వచ్చింది. ఆ రోజు స్వరూప బడిలో ఉంది. విప్పి చూస్తే ఒంటినిండా గీతలు, పాలిష్ అక్కడక్కడా తెల్లబారి ఉంది. అంతకుముందు వారమే నేను ఓనరమ్మ నీళ్ల మోటారు బాగుచేసి, నీలం ఎనామిల్ రంగు వేసి ఇచ్చాను. డబ్బాలో సగం మిగిలింది. ఇక నీకు చెప్పాలా? యాభై ఏళ్ల అలవాటు. కాలిన మోటారు మన షాపుకు వస్తే వైండింగ్ చేసి, వార్నిష్ పట్టించి, రంగు వేసి, షాపు పేరున్న రేకు బిళ్ల కొట్టి రైతుకు అప్పజెప్పాలి. రంగు వేయకపోతే రిపేరు చేసినట్టే కాదు. బిడ్డ వచ్చేసరికి తళతళలాడాలని మొత్తం గిటారుకు ఆ నీలం రంగే రెండు పూతలు వేశాను.

స్వరూప గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాయినా, ఏం జేసినవ్?"

"కొత్తగ కనవడ్తలేదా బిడ్డా?"

"కనవడ్తుంది. గదే నా బాధ."

తిట్టలేదు. తిడితే బాగుండేది. బూట్లతోనే కింద కూర్చొని దాన్ని దూరం నుంచి చూసింది. కాసేపటికి, "లోపలికి గూడ రంగు పోయిందేమో సూడాలె" అని వెనక మూత స్క్రూలు విప్పింది. లోపలికి పోలేదు. మూత లోపలి వైపు పెన్సిల్ రాత ఉంది. నీ వడ్రంగి పెన్సిల్, నీ గుండ్రటి రాత.

"చేసినది నర్సింహ. తీగె చుట్టినది అన్న."

స్వరూప ఆ మూతను నాకు చూపించింది.

"బాబాయి చేసిండా ఇది?"

నేను అవునన్నాను.

"అన్నీనా?"

అవునన్నాను.

"మరి ఎన్నడు చెప్పలేదేంది నాయినా?"

"ఎవరడిగిండ్రు బిడ్డా?"

"నేనడిగిన. ఎన్నిసార్లో అడిగిన. మన షాపుల చేసినం అన్నవ్."

నిజమే. అట్లాగే చెప్పేవాణ్ని. అబద్ధం అనిపించదు, నిజమూ అనిపించదు, అట్లాంటి మాట.

తమ్ముడా, నువ్వు లోపల నన్ను కూడా రాశావని నాకు తెలియదు. రైసు మిల్లులో వడ్లు పైకి ఎత్తే ఎలివేటర్ పెట్టెలు చేసినట్టు చెక్కను లోపల డొల్లగా చేస్తే, వాయించేవాడి భుజం లాగదన్నది నువ్వు. ఎండలకు మెడ వంగితే సందులో వెదురు బద్ద పెట్టి సరిచేయొచ్చన్నది నువ్వు. తీగెల కింద సౌండు పట్టే కాయిల్‌ను వార్నిష్‌లో ముంచమన్నది కూడా నువ్వే. "మోటరు గంత అదిరినా తీగె కదలదు గదనే అన్నా, దీన్ని గూడ ముంచి బల్బు కింద ఎండబెట్టు, కూత పెడ్తదా సూద్దాం" అన్నావు. అంతా ఇప్పుడు మెచ్చుకునేది దాన్నే. నేను చేసింది తీగె చుట్టడం. తర్వాత రెండో గిటారు నుంచి తల మీద నా షాపు రేకు బిళ్ల కొట్టడం. మోటార్లకు కొట్టే చేయి, దీనికీ కొట్టేసింది. అంతే అనుకున్నాను. అది నీ పని మీద నా పేరు అని ఆలోచించలేదు.

తొమ్మిదీ చేశాక, కోదాడ వినాయక మండపం దగ్గర మాత్రం ఆలోచించాను. మధుసూదనరావు గారు మైకులో "ఈ గిటారు తయారుచేసిన సూర్యాపేట సోమయ్యగారు స్టేజీ మీదకు రావాలి" అన్నప్పుడు నువ్వు నా పక్కనే పనిముట్ల సంచి పట్టుకొని ఉన్నావు. నా వీపు మీద చేయి వేసి "పోవే అన్నా, పిలుస్తుండ్రు" అన్నావు. పోయాను. శాలువా కప్పారు. మైకు నోటి ముందు పెట్టారు. అప్పుడు ఒక్క మాట అంటే అయిపోయేది. "అందరికీ నమస్కారం" అని దిగిపోయాను. మర్నాడు పొద్దున నువ్వు, "మిల్లుల పని ఎక్కువైందన్నా, ఇగ నాతోని కాదు" అన్నావు. మళ్లీ గిటారు ముట్టలేదు. నేను ఎందుకని అడగలేదు. ఎందుకో తెలుసు కాబట్టి.

మొన్న స్వరూప దాన్ని సౌండు బాక్సుకు కలిపి ఒక తీగె మీటింది. కూత లేదు, శుభ్రంగా మోగింది. నా అరచేయి దాని వీపు మీదే ఉంది. చెవికి తెలిసింది, చేతికి తెలియలేదు. సంతోషం, చాలా సంతోషం అంటూ కూర్చున్నాను. నిజంగా సంతోషమే తమ్ముడా. ఎక్కడ ఉందో మాత్రం తెలియడం లేదు.

స్క్రూడ్రైవర్ తెచ్చి మిగతా ఆరింటి బిళ్లలు పీకబోయాను. స్వరూప చేయి పట్టుకుంది. "తియ్యకు. తప్పైనా గది అప్పటిదే. బిళ్ల తీస్తే జరగనట్టు అయితదా?" అంది. కాబట్టి బిళ్లలు ఉంటాయి. ఇక మిగిలింది నోరే.

వచ్చే ఆదివారం ఇక్కడి హాల్లో పాత వాయిద్యాలు అందరికీ చూపించే కార్యక్రమం ఉంది. మన ఏడూ పెడుతున్నారు. వాటి ముందు పెట్టే కార్డు మీద తయారుచేసినవారు సోమయ్య అని స్వరూప ముందే రాసి పెట్టుకుంది. నేనే చింపాను. కొత్తదాని మీద నువ్వు మూత లోపల రాసిందే అక్షరం మార్చకుండా రాయించాను. "అన్న" అన్నచోట మాత్రం నా పేరు పెట్టింది, ఇక్కడివాళ్లకు ఎవరి అన్నో తెలియదు కదా.

ఒక పని నీతో ఉంది. ఆ నీలం రంగు తీయాలి. స్పిరిట్ పెడితే కింద నీ లక్క పాలిష్ కూడా కరిగిపోతుందని భయం. టర్పెంటైన్ పెట్టాలా, బ్లేడుతో గీకాలా, అసలు ముట్టకుండా వదిలేయాలా? నువ్వు చెప్పేదాకా దాన్ని ఎవరూ ముట్టొద్దని స్వరూపకు చెప్పాను. చలికాలం సెలవులకు దాన్ని వెంటబెట్టుకొని మిర్యాలగూడ వస్తాం. నువ్వే తీస్తానంటే ఇంకా మంచిది. లక్ష్మమ్మను కాస్త గోంగూర పచ్చడి, పల్లీల కారం చేసి పెట్టమను, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకుంటాం. చలి బాగా ఉంది, అయినా స్వెట్టర్ ఉంది, దిగులు పడకండి.

పెద్దవాణ్ని కాబట్టి దీవెనలు నేనే రాయాలి. మీ ఇద్దరికీ, పిల్లలకూ నా దీవెనలు. నీ ముందు తల ఎత్తుకునే దీవెన నాకు ఎవరివ్వాలో తెలియదు.

నీ అన్న,
సోమయ్య

గిటార్లు చేసింది నువ్వని చెప్పవలసినవాళ్లు వీళ్లు. నీ గురించి నువ్వు చెప్పుకునే మనిషివైతే ఇంతదాకా రాదు, కాబట్టి ఈ కాగితం అనసూయ చేతికివ్వు.

నిడమనూరులో మన చెల్లె అనసూయ. ఆమెకు తెలిస్తే మూడు మండలాలకు తెలిసినట్టే.

అనసూయ పెనిమిటి రాములు బావ. ఆ రోజు స్టేజీ ముందు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

సూర్యాపేటలో మేనమామ కొడుకు వెంకటయ్య. "మా పెద్దబావ గిటార్లు చేసిండు" అని హోటల్లో కూర్చున్న ప్రతివాడికీ చెబుతాడు. ఇక నుంచి చిన్నబావ అనాలి.

తిరుమలగిరి చిన్నమ్మ. చెవులు వినబడవు, దగ్గర కూర్చొని రెండుసార్లు చెప్పాలి.

లక్ష్మమ్మ. ఆమెకు ముందే తెలుసు. తెలిసీ ఇన్నేళ్లూ నేను వచ్చినప్పుడల్లా ముందు నాకే అన్నం వడ్డించింది. అయినా సోమయ్య ఒప్పుకున్నాడని చెప్పు.

శ్రీకాంత్‌కు మాత్రం ఎవరూ చెప్పొద్దు. వాడి పెళ్లిలో "ఈయన మా పెదనాయన, గిటార్లు చేసినాయన" అని అత్తగారి వాళ్లకు నన్ను చూపించినప్పుడు, నువ్వు నా పక్కన నిలబడి తలూపావు. వాడికి నేనే వచ్చి చెబుతాను. నువ్వు అప్పటిలాగే పక్కన నిలబడి తలూపితే చాలు.