గోడాదరా బాలవాడిలో నిద్ర పాళీ

గోడాదరా, సూరత్
18 ఫిబ్రవరి 2022, శుక్రవారం

చెల్లె భూదేవికి రాజనర్సు రాయునది.

పొద్దున చలి, పది దాటాక ఎండ. బాలవాడి గది కడిగి, ఆరబెట్టి, తలుపు తీశాను. రెండేళ్ల తర్వాత ఇవాళే తెరిచింది. పదహారు మంది పిల్లలు వచ్చారు. బిడ్డ కోమలి కాన్పుకని కోరుట్ల పోయిన నువ్వు అక్కడ కరోనా తెచ్చుకుని ఆగిపోయావు కనుక, వచ్చేదాకా నేనే చూసుకుంటాను. ఫోన్లో నువ్వు పది మాటలంటే నేను ఒక్క ‘ఊఁ’ అంటానని నీకు కోపం. అందుకే సాంబయ్య నడిపే బస్సులో ఈ కాగితం.

మార్చి 7న బాలవాడి నడిపే ట్రస్టు మేడం వస్తుంది. పిల్లల రోజువారీ కార్యక్రమం గోడ మీద ఉండాలి, పిల్లలు దాని ప్రకారం నడవాలి. లేకపోతే గదిని చీరల పార్సిళ్లకు ఇచ్చేస్తారట. అప్పుడు ఈ పిల్లల తల్లులు పని మానుకుని ఇంట్లో కూర్చోవాలి.

కనుక కార్యక్రమం రాశాను. ముప్పై ఏళ్లు మగ్గాల దగ్గర మేస్త్రీగా చేసినవాణ్ని, నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఎనిమిది మంది ఆడతారు, ఎనిమిది మంది నిద్రపోతారు. పన్నెండుకు పాళీ మారుతుంది. నాలుగుకు ఇంటికి. గది ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండదు.

ఉంటాను,
రాజనర్సు

తా.క. నిద్ర పాళీ వాళ్లలో ఒక్కరూ నిద్రపోలేదు. ఏడుగురు ఆట పాళీకి బదిలీ అడుగుతున్నారు. ఎనిమిదో పిల్ల తేజశ్రీ చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంది, లోపలికి రాదు. మగ్గాల దగ్గర దీన్ని సమ్మె అంటాం.


కోరుట్ల
22 ఫిబ్రవరి

అన్నకు భూదేవి దండాలు.

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వితే దగ్గొచ్చింది. ఆ దగ్గు విని మా అల్లుడు నా గది తలుపుకు ఇంకో గొళ్లెం పెట్టాడు.

అన్నా, వాళ్లు పిల్లలు, మగ్గాలు కారు. పాళీలు తీసెయ్. పదహారు మందీ ఒక్కసారే ఆడాలి, ఒక్కసారే పడుకోవాలి. కూర్చుని చేసే పని అయ్యాక పరుగెత్తే పని. గోల అయ్యాక నెమ్మది. ఏ పనీ ఇరవై నిమిషాలు దాటొద్దు. గోలా నెమ్మదీ సమంగా ఉంటే పిల్లలు అలసిపోరు. సమంగా, అన్నా. ఆ మాట కింద గీత గీశాను చూడు.

నీ చెల్లె,
భూదేవి

తా.క. ఈ కాగితాన్ని పొద్దుటి నుంచి ఎండలో పెట్టి పంపుతున్నాను. అయినా చదివాక చేతులు కడుక్కో.


గోడాదరా
26 ఫిబ్రవరి, శనివారం

చెల్లె భూదేవికి రాజనర్సు రాయునది.

ఎండ. మధ్యాహ్నం గాలి. నీళ్ల డ్రమ్ము తోమాను. నీ కాగితం చదివాను. చేతులు కడుక్కున్నాను. గీత చూశాను.

24 నుంచి సమంగానే నడుపుతున్నాను. ఇరవై నిమిషాలకోసారి సీటీ ఊదుతాను. ఒకసారి ఊదితే పరుగు, మళ్లీ ఊదితే మౌనం. సమంగా ఉందో లేదో తెలియాలి కదా, రిజిస్టర్ పెట్టాను. ఒక్కొక్కరికి రెండు గడులు: గోల నిమిషాలు, నెమ్మది నిమిషాలు. సాయంత్రం నాలుగుకు రెండూ సరిపోవాలి.

నిన్న తేజశ్రీకి నలభై నిమిషాల గోల ఎక్కువ వచ్చింది. తీసుకుపోవడానికి వాళ్లమ్మ మంగ వచ్చింది. పిల్ల ఇంకా నలభై నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలని చెప్పాను.

“నలభై నిమిషాలు నోర్మూసుకుంటదా మామా? నా బిడ్డ?”

“లెక్క గట్లుంది.”

“అయితే గంట ఉంచుకో. నేను బజార్ వొయ్యొస్త.”

ఈ మాట గల్లీ అంతా పాకింది. ఇవాళ పదకొండు మంది తల్లులు వచ్చి, “మావోడు గూడ శాన గోల జేసిండంట మామా, జర రాస్కో” అని చెప్పి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆరున్నర. ఇంకా ఇక్కడే ఉన్నాం.

ఉంటాను,
రాజనర్సు

తా.క. ఆదర్శ్ అని ఒకడున్నాడు. మూడు రోజుల్లో ఒక్క మాటా మాట్లాడలేదు. లెక్క ప్రకారం వాడు ఇరవై నాలుగు గంటలు అరవాలి. ఎప్పుడు మొదలుపెట్టించమంటావు?


కోరుట్ల
1 మార్చి

అన్నకు దండాలు.

ముందు ఆ రిజిస్టర్ చించెయ్. మేడం దాన్ని చూసిందంటే ఆ సాయంత్రమే గదిలో పార్సిళ్లు దిగుతాయి. ఆదర్శ్ కరోనాలో పెరిగిన పిల్లాడు, ఇంట్లో వాళ్లను తప్ప మనిషిని చూసి ఎరగడు. వాణ్ని వాడి మానాన ఉండనివ్వు.

ఇందులో ఇంకో కాగితం పెట్టాను. ఆరేళ్లు నేను నడిపిన కార్యక్రమం అది. ఎనిమిదికి పాటలు, తొమ్మిదికి బొమ్మలు, పదకొండుకు అటుకులు, పన్నెండున్నరకు కథ, ఒంటిగంటకు నిద్ర, మూడుకు గల్లీలో ఆట. పెద్ద అక్షరాలతో దించి గోడకు అంటించు. ఒక్క నిమిషం మార్చినా నడిచైనా సరే సూరత్ వస్తాను.

భూదేవి

తా.క. కోమలికి ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పటి నుంచి ఒకటే అరుపు. నీ రిజిస్టర్లో రాయకు.


గోడాదరా
8 మార్చి, మంగళవారం

చెల్లె భూదేవికి రాజనర్సు రాయునది.

ఎండ ముదిరింది. అటుకులు చెరిగి డబ్బాకెత్తాను. మేడం వచ్చి వెళ్లింది. ముందు జరిగింది ముందు రాస్తాను.

నీ కార్యక్రమం గోడకు అంటించాను. రిజిస్టర్ చించలేదు. గోల గడులు కొట్టేసి, ఎవరు ఏ టైంకు ఏడ్చారో రాశాను. మగ్గం మీద పోగు తెగితే మేస్త్రీ ముందు టైం రాసుకుంటాడు. రోజూ అదే టైంకు తెగితే తప్పు పోగుది కాదు.

పది గంటలకు రోజూ ఆరుగురు ఏడుస్తున్నారు. తల్లులు ఇప్పుడు ఎనిమిదింటి పనికి పోతున్నారు, పిల్లలకు ఆరింటికే తినిపిస్తున్నారు. అందుకని అటుకులు పదకొండు నుంచి పదికి జరిపాను. మూడింటికి ఆడదామంటే గల్లీ నిండా పార్సిల్ టెంపోలు. ఆట ఎనిమిదికి తెచ్చి, పాటలు మూడుకు పంపాను. అంతా పెన్సిల్‌తోనే. నువ్వు నడిచి వస్తే తుడిచేయొచ్చని.

సీటీ కూడా ఆపాను. నాలుగో తేదీన ఆదర్శ్ నా దగ్గరికొచ్చి, “తాతా, సీటీ బంద్ జెయ్” అన్నాడు. ఇక్కడ వాడి మొదటి మాట అదే.

నిన్న మేడం మూడు గంటలు కూర్చుంది. ఎవరూ ఏడవలేదు. లేచి గోడ దగ్గరికెళ్లి, పెన్సిల్ రాతలు చూసి, “యే కిస్‌నే కియా?” అని, ఇది ఎవరు చేశారని అడిగింది. నేను రబ్బరు కోసం జేబు తడుముకున్నాను. టిఫిన్ డబ్బా ఇవ్వడానికొచ్చిన మంగ అందుకుని, “హమారీ భూదేవక్క, మేడం. గావ్ సే లిఖ్‌కే భేజ్తీ” అని, ఊరి నుంచి నువ్వే రాసి పంపుతున్నావని నీ పేరు చెప్పేసింది.

గది మనకే ఉంటుంది. పార్సిళ్లకు వేరే చోటు చూసుకుంటారు. ఇంకొక్క మాట. పిల్లల ఏడుపును బట్టి టైం ఎలా మార్చాలో, ట్రస్టుకున్న మిగతా పదకొండు బాలవాడీల టీచర్లకు 12న నువ్వు గంటసేపు చెప్పాలట. నన్ను అడిగింది. ‘ఊఁ’ అన్నాను.

అందుకని రిజిస్టర్ సాంబయ్యతో పంపుతున్నాను. బస్సులో చదువుకుంటూ రా. చించకు.

ఉంటాను,
రాజనర్సు

తా.క. రిజిస్టర్ మూట కట్టేశాను కనుక ఇవాళ్టిది ఇందులోనే రాస్తున్నాను. ఎనిమిది: గల్లీలో ఆట. పది: అటుకులు, ఏడుపు లేదు. పన్నెండున్నర: కథ. టిఫిన్ ఇవ్వడానికొచ్చి రోజూ మంగ చెప్పేది, ఇవాళ రాలేదు. నేనే చెప్పాను. మగ్గం మీద పిల్లి పడుకుంది, దిగింది. నా కథ అయిపోయింది. “ఇంకోటి” అన్నారు. రెండో కథలో పిల్లి వెంటనే దిగలేదు. మూడో కథలో అది రైలెక్కింది. ఎక్కడ దిగాలో నాకింకా తెలియదు, వీళ్లు నిద్ర మానేసి అడుగుతున్నారు. ఒంటిగంట: చాపలు పరిచి పడుకోమన్నాను, “పిల్లి ఏడ దిగింది తాతా?” అని కాగితం లాగుతున్నారు, పోవాలి.