సున్నం పేజీ లేకుండా సంతకం పెట్టను

తేజా, నైనికని స్కూల్ నుంచి నువ్వే పికప్ చేసుకో. పప్పు ఫ్రిజ్‌లో ఉంది, అన్నం ఒక్కటి వండుకోండి. నేను షామ్‌బర్గ్‌లో ఆఫీసు మీటింగ్‌కి వెళ్తున్నాను.

జాంబియా చేల మీద నేను రాసిన రిపోర్ట్ మీద సంతకం పెట్టనని మా మేనేజర్‌కి పొద్దున్నే మెయిల్ చేసేశాను. అక్కడి ఎర్రనేలల్లో అసలే ఆమ్లం ఎక్కువ. ఏటా యూరియా వేసి ఇంకా పెంచారు. మొక్కజొన్న వేళ్లు కిందికి దిగడం లేదు. ఆ ఆమ్లం తగ్గడానికి ముందు సున్నం పొడి చల్లమని నేను రాసిన పేజీ మా ఆఫీసు వాళ్లు తీసేసి, యూరియా ఇంకో బస్తా వెయ్యమని రాశారు. మా కంపెనీ అమ్మేది యూరియానే కదా. ఇవాళ అక్కడి రైతులు కూడా వీడియోలో వస్తున్నారు. వాళ్ల ముందు ఆ తీసేసిన పేజీ నేనే చదువుతాను.

"మన వీసా మీ కంపెనీ చేతిలో ఉంది, నీకెందుకు" అన్నావు నిన్న. ఆ రిపోర్ట్ మీద ఉండేది నా పేరు. మ్వాపే అనే అక్కడి రైతు ఒకావిడ నన్ను నమ్మి, తన చేలో నాలుగు చోట్ల తవ్వి చూపించింది. ఆవిడకి అబద్ధం చెప్పలేను. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను.

మనీషా

నీకు భయంగా ఉందని తెలుసు, నాకూ ఉంది. ఫ్లాస్క్‌లో కాఫీ పోసిపెట్టాను. "నీకెందుకు" అని మాత్రం మళ్లీ అనకు.