అగ్గిపెట్టె బొమ్మలకు పెద్ద ఫొటో

ఏమండీ,

మీరు లేకుండా నేటికి ఏడాది. మీరు పోగుచేసిన అగ్గిపెట్టెల మీది బొమ్మల్లో రెండేసి ఉన్నవాటిని ఆన్‌లైన్ వేలంలో పెట్టాను. "సరుకు మంచిదైతే పెద్ద ఫొటోకి ఆ వేలంవాళ్లకి విడిగా డబ్బెందుకు కట్టాలి?" అని నాతో ఎంత వాదించేవారు! మీరు పెట్టిన గోరంత ఫొటో చూసి ఒక్కరైనా పాట పాడితేనా?

ఈసారి అమ్మాయి, "పెద్ద ఫొటో లేకపోతే ఎవరు చూస్తారు మమ్మీ? దే దో నా, ఇచ్చేయ్ ఆ డబ్బు!" అంది. కట్టేశాను. మన ద్వారకా బాల్కనీ ఎండలో బల్లమీద పరిచి తీసిన ఫొటోలు పెద్దవిగా పెట్టించాను. మర్నాటికే పులిబొమ్మకు పాట మొదలైంది. చూశారా అన్నట్టు మీ కుర్చీవైపు చూసి నవ్వాను కూడా.

తమాషా ఏమిటంటే, సగంమంది బొమ్మల ఊసే ఎత్తలేదు. ఫొటో మూలన పడ్డ మీ ఇత్తడి కాఫీ గ్లాసు ఎంతకిస్తారని అడిగారు. అమ్మాయి ఒకటే నవ్వు. "దానికీ పెద్ద ఫొటో పెడదామా మమ్మీ?" అంది.

గ్లాసు అమ్మకానికి లేదని అందరికీ జవాబు రాశాను. అప్పట్లో చొట్టపడింది, పారేయండని నేను. ఉండనీవే అని మీరు. ఫొటోల వాదనలో నేను గెలిచానుగానీ, గ్లాసు వాదనలో మీరే గెలిచారు. ఇప్పుడు నా కాఫీ కూడా అందులోనే.