నాన్నకి, కొత్త స్పీకర్ల సంగతి

నాన్నా,

డ్యూటీకి టైమైపోయింది, పరుగెడుతున్నా. పదకొండింటికి కేబులతను వస్తాడు. పాత పెట్టె, దాని రిమోటు ఇచ్చెయ్. ఇకనుంచి సీరియల్ ఇంటర్నెట్లోనే వస్తుంది. ముందు టీవీ, తర్వాత స్పీకర్లు ఆన్ చెయ్. వైరు కాలికి తగలకుండా చూసుకో.

నిన్న చూపించాగా, నల్ల రిమోటు మధ్య బటన్ నొక్కితే బొమ్మ ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే అక్కణ్ణించే మొదలవుతుంది. కేబుల్లో ఆ వీల్లేక, అమ్మకి వినపడని మాట నువ్వు చెవిలో చెప్పేలోపు తర్వాతి మాట వెళ్ళిపోయేది. "ఏమందీ, ఏమందీ" అని అమ్మ. "ఉండవే, చెప్తున్నాగా" అని నువ్వు.

ఈ స్పీకర్లు పెట్టించమని ఎన్నిసార్లు అడిగింది! సౌండు తగ్గించమ్మా అని కసరడమే గానీ ఒక్కసారైనా పట్టించుకున్నానా? అమ్మ పోయిన నెల రోజులకి తీరిగ్గా తెచ్చాను, నా మొహం.

మధ్యాహ్నం మాత్ర మర్చిపోకు.

ఇంకోమాట. నిన్న నేను లోపలికెళ్ళాక బొమ్మ ఆపి, అమ్మ కుర్చీ వైపు వంగి ఏదో చెప్పావు. గుమ్మంలోంచి చూశాను. నన్ను చూసి గబుక్కున సర్దుకున్నావు. ఎందుకు నాన్నా? నిదానంగా చెప్పుకో. అది ఎంతసేపైనా ఆగుతుంది.