గుండె చార్టులో ఎడమ పక్క

తెనాలి,
11-9-2008, గురువారం.

చిరంజీవి నగ్మాకు నాన్న కాలేషా దువాలు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమంగానే ఉన్నాం. రేపల్లెలో నువ్వూ, అల్లుడు షఫీక్, పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం పొద్దుటినుంచి నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది అయిదోది. కాగితాలు అయిపోవచ్చాయి కాబట్టి దీన్ని ముగించక తప్పదు.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. మొదటిది అమ్మ రోజాలు. షుగరు ఉంది, ఉపవాసాలు వద్దని డాక్టరు అన్నమాట నిజమే. నేను గుర్తుచేస్తే, “షుగరు నాదా, ఆయనదా? నువ్వెళ్ళి ఖర్జూరాలు పట్రా” అంది. తెచ్చాను.

రెండోది సీడీ. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన ఆశీర్వాదం నీకు గుర్తున్నాడుగా. ఇప్పుడు ఆ గదిలోనే ఇంటర్నెట్ సెంటరు పెట్టాడు. టైపు మిషన్లు అమ్ముడుపోక అటకెక్కాయి. కింద కంప్యూటర్లు, పైన మిషన్లు, అత్తాకోడళ్ళ కాపురంలా ఉంది. మూడు రోజులు అతని పక్కన కూర్చుని నీ పాఠాలకు కావలసిన బొమ్మలు దించించాను. గుండె, ఊపిరితిత్తులు, మందారపువ్వు నిలువుకోత. కొట్టుకుంటూ కదిలే గుండె కూడా ఒకటి దొరికింది. దాన్ని నేను పావుగంటసేపు చూస్తూనే ఉన్నానట. మా సెంటర్లో అది రికార్డు బాబాయ్ అన్నాడు. ఇంగ్లీషు పేర్లు తీసేసి తెలుగువి పెట్టించాను. బొమ్మలు దిద్దే ప్రోగ్రాము కూడా ఊరికే ఇచ్చేదేనట, అదీ సీడీలో వేశాడు, మీ బడి కంప్యూటర్లో ఎక్కించుకోండి. ఒకటి మొరాయిస్తే ఇంకొకటని రెండు సీడీలు చేయించాను.

మూడోది, ఇవి నిజంగా ఫ్రీయేనా, సోమవారం బాపట్ల మీటింగులో అంతమంది టీచర్ల ముందు చూపిస్తే ఎవరైనా లేచి మావి అంటారేమో అన్నావు. నాకూ అదే అనుమానం. నలభై ఏళ్ళు బళ్ళకు చార్టులు గీసి బతికినవాణ్ణి, ఊరికే బొమ్మ ఇచ్చేవాణ్ణి చూస్తే భక్తికన్నా ముందు భయం కలుగుతుంది. ఆశీర్వాదం బొమ్మ కింద ఉన్న రాతలు చదివి చెప్పాడు.

“ఎవరైనా వాడుకోవచ్చు బాబాయ్. గీసినాయన పేరు చెబితే చాలు. తప్పుంటే దిద్దొచ్చు కూడా.”

“వచ్చినవాడల్లా దిద్దితే ఇంకేముందిరా? పెళ్ళిలో పులుసులాగా, ప్రతివాడూ ఓ గుప్పెడు ఉప్పేసి పోతాడు.”

“ఎవరు దిద్దారో, ఏ తారీఖున దిద్దారో అంతా పడుద్ది. పాతది కూడా ఎక్కడికీ పోదు. ఇదిగో చూడు” అని ఏదో నొక్కాడు.

ఆ గుండె బొమ్మ ఆరుసార్లు మారిందట. ఆరు బొమ్మలూ తప్పులతో సహా, గోడకు నిలబెట్టిన పిల్లల్లా వరసగా ఉన్నాయి. నేను లేచి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఉపవాసం వల్ల అనుకున్నాడు ఆశీర్వాదం.

నాలుగోదాని దగ్గరే కాగితాలు చిరిగాయి. నేను గీసిన పాత గుండె చార్టు ఏదైనా మిగిలుంటే పంపమన్నావు. అటక మీద ట్రంకు వెనక ఒకటుందని మీ అమ్మ అప్పుడే ఫోన్లో చెప్పేసిందట. బాపట్లలో ముందు దాన్ని తగిలించి, మా నాన్న చార్టు చూసే నేను చదువుకున్నానని చెప్పి, తర్వాత కంప్యూటరు బొమ్మ చూపిస్తానన్నావు. ఆ మాటకు మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను అటకెక్కి చార్టు దించాను, విప్పాను, మళ్ళీ చుట్టేశాను.

తొమ్మిదో తరగతి సంగతి నువ్వు మరిచిపోయి ఉండవు. ఎడమ జఠరికలో చెడురక్తం ఉంటుందని పరీక్షలో రాశావు. పూర్ణచంద్రరావు మాస్టారు తప్పు కొడితే, మా నాన్న చార్టులో అలాగే ఉందండి అని ఎదురు చెప్పి బెంచీ ఎక్కావు. అది శనివారం, చార్టుల గదికి అప్పటికే తాళం పడింది. సోమవారం క్లాసంతా చార్టు చుట్టూ మూగితే అందులో మంచిరక్తమే ఉంది. అబద్ధాల నగ్మా అని ఏడాదిపాటు ఏడిపించారు.

నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా. శనివారం దాకా అక్కడ చెడురక్తమే ఉంది.

పుస్తకంలో బొమ్మకు కుడిపక్కన ‘ఎడమ జఠరిక’ అని ఉండేది. నేను బళ్ళో చదివింది మూడో తరగతి, మిగతాది పొట్లాల కాగితాల మీద చదివిందే. అలా చదువుకున్నవాడికి అచ్చులో తప్పు పట్టాలనే యావ ఒకటి ఉంటుంది. ప్రెస్సువాడు పొరబడ్డాడని నవ్వుకుని, ఎడమను ఎడమకూ కుడిని కుడికీ మార్చి రాశాను. రంగులు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే వేశాను, దాంతో చెడురక్తం నీలంరంగు ఉన్న గది కాస్తా ఎడమ జఠరిక అయింది. ఆ శనివారం సాయంత్రం మాస్టారు మన కొట్టుకొచ్చి నాకెదురుగా నిలబడ్డారు.

“కాలేషా, నా ఎడమ చెయ్యి నీకు ఏ పక్కనుంది?”

“కుడిపక్కండి.”

“గుండె బొమ్మ కూడా మనకెదురుగా నిలబడ్డ మనిషిదేనయ్యా.”

ఆయన మంచివారు. పిల్లది తప్పేమీ లేదు, క్లాసులో చెప్పేస్తానన్నారు. ఇంట్లో నేనే చెప్పుకుంటాను, బళ్ళో మాత్రం వద్దండి అని నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను. కొల్లిపర, కొల్లూరు బళ్ళన్నీ నా చార్టులే కొంటున్న రోజులవి. తాళంచెవి అడిగి ఆదివారం వెళ్ళి పేర్లు చెరిపి మార్చాను. ఇంట్లో ఉన్నదాన్ని నీకు కనపడకుండా ట్రంకు వెనక పడేశాను. తర్వాత ఊరూరూ తిరిగి మిగతావీ దిద్దాను. నీకు మాత్రం చెప్పలేదు.

సోమవారం ఇంటికొచ్చి, “నాన్నా, నాకు కళ్ళు సరిగ్గా ఆనట్లేదేమో” అన్నావు. నిన్ను కళ్ళ డాక్టరుకు చూపించాను. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఇవాళ్టికీ నువ్వు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తావని షఫీక్ నవ్వుతాడు. నేను పక్కకు తిరుగుతాను.

అటక మీది చార్టు దిద్దనిది. చెప్పకుండా పంపితే నువ్వు అంతమంది ముందు విప్పి మళ్ళీ బెంచీ ఎక్కినట్టే. అందుకని నిన్న రంగు కలిపాను. నాలుగు పేర్లు, పది నిమిషాల పని. కుంచె ముంచాక, వరసగా నిలబడ్డ ఆ ఆరు బొమ్మలూ కళ్ళముందుకొచ్చాయి. కుంచె కడిగేశాను.

ఆశీర్వాదం శనివారం రేపల్లెలో వాళ్ళ చెల్లెలింటికి వస్తున్నాడు. సీడీలు, చార్టు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. నేనే రావచ్చు గానీ, నీ మొహం చూస్తే మళ్ళీ మాట మారుస్తాను. ఫోను చెయ్యనిదీ అందుకే. తగిలిస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. తగిలిస్తే మాత్రం కింది మూలన నా సంతకం ఉంది, దాన్ని మడిచిపెట్టకు.

మీ అమ్మకు శనివారం ఇఫ్తారు అయ్యాక చెబుతాను. ముందు నీకు చెప్పాలి.

చార్టు విప్పి ఒక్కసారి చూడు, రెండోసారి చూడక్కర్లేదు. ఆ రోజు నువ్వు చూసింది చూసినట్టే ఉంది.

ఇట్లు,
మీ నాన్న,
కాలేషా.